గ్రేహౌండ్‌కి ప్లేట్‌లెట్లు 1.18 లక్షలు: టిక్ ఫీవరా, దాని రక్తమే అంతా? (చెన్నై)

సుధ_తిరువాన్మియూర్ · #1

అందరికీ నమస్కారం. మా పాప రెండున్నరేళ్ల ఆడ గ్రేహౌండ్, బరువు 27 కేజీలు. వచ్చే నెల పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామని ముందుగా రక్త పరీక్ష చేయించాం. రిపోర్టులో ఎర్ర అక్షరాల్లో వచ్చినవి ఇవి:

పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 57, ఎక్కువ
ప్లేట్‌లెట్లు 1,18,000, తక్కువ
తెల్లకణాలు 4,800, తక్కువ
క్రియాటినిన్ 1.6, ఎక్కువ
టీ4 (థైరాయిడ్ హార్మోన్) 0.7, తక్కువ
ఎర్లికియా (పిడుదులు అంటించే టిక్ ఫీవర్ క్రిమి) యాంటీబాడీ కిట్‌లో రెండో గీత సన్నగా పడింది

జ్వరం లేదు (101.4 ఫారెన్‌హీట్), తిండి మామూలే, హుషారుగానే ఉంది. డాక్టర్ గారు 28 రోజులు డాక్సీసైక్లిన్, దాంతోపాటు థైరాయిడ్ మాత్ర రాశారు. ఆపరేషన్ వాయిదా వేద్దామన్నారు. గ్రేహౌండ్ రక్తం వేరుగా ఉంటుందని విన్నాను. ఎంతవరకు నిజం? తెలిసినవాళ్లు చెప్పండి.

పశువైద్యం_వేపేరి · #2

సుధ గారూ, ఈ రిపోర్టు లాబ్రడార్‌దైతే నేనూ కంగారుపడేవాణ్ణి. గ్రేహౌండ్‌దంటే మాత్రం ఒక్కో అంకెనూ విడిగా చూడాలి. ల్యాబ్ మెషిన్‌లో ఉండే నార్మల్ హద్దులు అన్ని జాతులనూ కలిపి వేసినవి. గ్రేహౌండ్ ఆ హద్దుల్లో ఇమడదు.

పీసీవీ మామూలు కుక్కల్లో సుమారు 37 నుంచి 55. గ్రేహౌండ్‌లో 50 నుంచి 65. వేగంగా పరిగెత్తే ఒంటికి ఆక్సిజన్ మోయడానికి ఎర్రకణాలు అంత ఎక్కువ. మీ పాప 57 ఆ జాతికి సరిగ్గా మధ్యలో ఉంది. ఇందులో ఇంకో మెలిక ఉంది, అది ముఖ్యం: రేపెప్పుడైనా పీసీవీ 41 వస్తే మెషిన్ దాన్ని నార్మల్ అనే వేస్తుంది. గ్రేహౌండ్‌కి 41 అంటే రక్తం తగ్గిందనే అనుమానించాలి. ఎర్ర అక్షరం లేదు కదా అని వదిలేస్తే నష్టం అక్కడే.

ప్లేట్‌లెట్లు ఆరోగ్యంగా ఉన్న గ్రేహౌండ్‌లోనే 80 వేల నుంచి 2 లక్షల మధ్య తిరుగుతాయి. తెల్లకణాలు 3,500 దాకా దిగినా జబ్బు కానక్కర్లేదు. క్రియాటినిన్ కండ ఎక్కువ ఉన్నందువల్ల 1.6, 1.8 దాకా ఉంటుంది. కిడ్నీ మీద నిజంగా అనుమానం ఉంటే ఉదయం మొదటిసారి పోసిన మూత్రం పట్టి స్పెసిఫిక్ గ్రావిటీ (చిక్కదనం) చూడండి. 1.030 దాటి ఉంటే ఆ క్రియాటినిన్ గురించి దిగులు పడక్కర్లేదు.

మీరు రాయని అంకె ఒకటి నాకు కావాలి: గ్లోబులిన్ (రక్తంలో ఉండే ఒక రకం ప్రొటీన్). గ్రేహౌండ్‌లో ఇది సహజంగానే తక్కువ. ఎర్లికియా పాతుకుపోయిన కుక్కలో పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు తక్కువై, గ్లోబులిన్ కూడా తక్కువగానే ఉంటే జాతి లక్షణం అనిపిస్తుంది. ప్లేట్‌లెట్లు తగ్గి గ్లోబులిన్ పైహద్దు దగ్గర ఉంటే, అది నార్మల్ గడిలో ఉన్నా సరే, నేను టిక్ ఫీవర్ వైపే చూస్తాను.

ల్యాబ్‌బెంచ్ · #3

మెషిన్ చెప్పిన ప్లేట్‌లెట్ లెక్కను నమ్మేముందు స్మియర్ (స్లైడ్ మీద పలచగా పరిచిన రక్తం) చూడమని అడగండి. ఊదా మూత గొట్టంలో రక్తం నింపడం ఆలస్యమైనా, సూది రెండుసార్లు గుచ్చాల్సి వచ్చినా ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి. మెషిన్ ఆ గుంపును ఒక పెద్ద కణంగా లెక్కేసుకుంటుంది, అంకె పడిపోతుంది.

స్లైడ్ మీద లెక్క ఇలా: ముందు పలచటి చివర్లో గుంపులు ఉన్నాయేమో చూడాలి. ఉంటే ఆ శాంపిల్ అంకె పక్కనపెట్టి మళ్లీ రక్తం తీయాలి. లేకపోతే కణాలు ఒక్క వరుసలో పరుచుకున్న చోట నూనె లెన్స్ కింద పది ఫీల్డులు లెక్కపెట్టి సగటు తీయాలి. ఒక్కో ప్లేట్‌లెట్‌కి సుమారు 15,000 చొప్పున వేసుకుంటే, ఫీల్డుకి 8 కనిపిస్తే 1,20,000. మీ రిపోర్టుకి అది సరిపోవాలి. ఫీల్డుకి రెండు మూడే ఉంటే 30, 45 వేలు. అది గ్రేహౌండ్‌కి కూడా తక్కువే.

రక్తం మెడ సిరలోంచి ఒకే పోటుతో తీయించండి. గ్రేహౌండ్‌కి మెడ పొడుగు, చర్మం పలచన; సిర బయటికే కనిపిస్తుంది కాబట్టి కష్టం కాదు.

అన్నానగర్_అశోక్ · #4

ఇంత తర్జనభర్జన ఎందుకండీ. చెన్నైలో పిడుదు పట్టని కుక్క ఉందా? డాక్సీ ఒక కోర్సు వేసేస్తే ఉన్నా పోతుంది, లేకపోయినా నష్టం లేదు కదా.

పశువైద్యం_వేపేరి · #5

అశోక్ గారూ, మీరు చెప్పింది ఒక పరిస్థితిలో సరైనదే. జ్వరం 103 దాటి, తిండి మానేసి, చిగుళ్ల మీదో పొట్ట మీదో ఎర్రటి చుక్కలు, లేదా ముక్కు నుంచి రక్తం కనిపిస్తే పీసీఆర్ (క్రిమి జన్యువును వెతికే పరీక్ష) రిపోర్టు కోసం ఆగకూడదు, అదే రోజు డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాలి. ఆలస్యమైతే ఎముక మజ్జ దెబ్బతిని తిరిగిరాని దశకు పోతుంది.

ఈ కేసులో కుక్క బాగుంది. యాంటీబాడీ గీత అంటే ఎప్పుడో ఆ క్రిమి ఒంట్లోకి వచ్చిందని మాత్రమే తెలుస్తుంది, మందు వాడి నయమైన కుక్కలోనూ ఆ గీత నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతూనే ఉంటుంది. ఇప్పుడు క్రిమి ఉందా అన్నది పీసీఆర్ చెబుతుంది. నెగటివ్ వచ్చినా మూడు నాలుగు వారాలకు మళ్లీ సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించి, ప్లేట్‌లెట్లు అక్కడే నిలబడ్డాయా, జారుతున్నాయా చూడాలి. నిలకడగా ఉంటే అదే ఆ కుక్క అంకె.

"వేస్తే నష్టం లేదు" అన్నదాంతో ఒప్పుకోలేను. కోర్సు అయ్యాక కూడా ప్లేట్‌లెట్లు 1.2 లక్షలే ఉంటాయి, ఎందుకంటే అవి మొదటినుంచీ అంతే. అప్పుడు మందు పనిచేయలేదనుకుని ఇంకో కోర్సు, ఆ తర్వాత స్టెరాయిడ్. చాలా గ్రేహౌండ్లు ఈ వరసలో పడిపోతాయి. పైగా పిడుదులే అంటించే మరో క్రిమి బబీసియా ఉంటే డాక్సీతో పోదు, దానికి వేరే మందులు. పీసీఆర్ చేయిస్తే ఎర్లికియా, బబీసియా రెండూ ఉన్న ప్యానెల్ అడగండి.

పెరంబూర్_పద్మ · #6

డాక్సీ వేయాల్సి వస్తే రెండు మాటలు. క్యాప్సూల్ గొంతులో వేసి వదిలేయకండి. ఆహారనాళంలో ఇరుక్కుని పుండు పడుతుంది. అన్నం పెట్టాక చిన్న చికెన్ ముక్కలో దూర్చి ఇచ్చి, వెనకాలే సిరంజితో ఓ 10 మి.లీ. నీళ్లు పట్టండి.

రెండోది మన ఇళ్లలో అందరూ చేసేదే: పెరుగన్నంలో కలిపి ఇవ్వడం. పెరుగు, పాలలో ఉన్న కాల్షియం మందును పట్టేసుకుంటుంది, ఒంటికి అందేది తగ్గుతుంది. పెరుగన్నం మరో పూటకి మార్చండి. కాల్షియం సిరప్, గుడ్డు పెంకుల పొడి వాడేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

హౌండ్స్_మద్రాస్ · #7

థైరాయిడ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. గ్రేహౌండ్‌లో టీ4 తక్కువ ఉండటం మామూలు, కొన్నిటిలో మెషిన్ పట్టుకోలేనంత తక్కువ ఉంటుంది. తొడల వెనక వెంట్రుకలు ఊడి నున్నగా ఉండటం కూడా ఈ జాతిలో సర్వసాధారణం. ఈ రెండూ కలిసేసరికి థైరాయిడ్ అనేస్తారు. టీ4 ఒక్కటే చూసి థైరాక్సిన్ మొదలుపెట్టకూడదు. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 అనే మిగతా థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. టీఎస్‌హెచ్ పెరగకుండా, కుక్క బరువు పెరగకుండా, మందకొడిగా లేకుండా ఉంటే థైరాయిడ్ జబ్బు అనడానికి ఆధారం లేనట్టే. లేని జబ్బుకి థైరాక్సిన్ వేస్తే గుండె వేగం పెరుగుతుంది, ఉన్న కాస్త కండా కరుగుతుంది, రాత్రిళ్లు నిద్రపోదు.

నిజానికి మీరు ఎక్కువ ఆలోచించాల్సింది ఆపరేషన్ గురించి. మత్తు ఏది ఇస్తారో ముందే అడగండి. థయోపెంటోన్ గ్రేహౌండ్‌కి వద్దు. మిగతా కుక్కల్లో ఆ మందు రక్తం నుంచి కొవ్వులోకి, కండలోకి సర్దుకుని మెలకువ వస్తుంది. గ్రేహౌండ్‌లో కొవ్వు లేదు, కాలేయం కూడా ఆ మందును నెమ్మదిగా విరుస్తుంది, గంటల తరబడి లేవదు. ప్రొపోఫోల్‌తో మొదలుపెట్టి ఐసోఫ్లూరేన్ మీద నడిపితే బాగుంటుంది. ప్రొపోఫోల్‌కి కూడా మిగతా జాతులకన్నా కాస్త నిదానంగా లేస్తుంది, దానికి భయపడక్కర్లేదు.

పశువైద్యం_వేపేరి · #8

మద్రాస్ గారు చెప్పినదానికి తోడు, ఆపరేషన్ తర్వాత రక్తస్రావం. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. గ్రేహౌండ్లలో దాదాపు నాలుగింట ఒకదానికి స్పే (ఆడదానికి), కాస్ట్రేషన్ (మగదానికి) వంటి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిన 36 నుంచి 48 గంటలకి కుట్టు చుట్టూ ఊదా రంగు కమిలి, పొట్ట కిందికి, తొడల లోపలికి పాకుతుంది. ఆపరేషన్ బల్ల మీద రక్తం బాగానే గడ్డకడుతుంది, కుట్లు బాగుంటాయి, కుక్క ఇంటికి వెళ్తుంది. రెండో రోజు రాత్రి మొదలవుతుంది. కట్టిన గడ్డను శరీరం తొందరగా కరిగించేయడం దీనికి కారణం. అందుకే ముందు చేసే పీటీ, ఏపీటీటీ (గడ్డకట్టడానికి పట్టే సమయం చూసేవి), ప్లేట్‌లెట్ పరీక్షలేవీ దీన్ని పట్టుకోలేవు.

ముందు జాగ్రత్తగా ట్రానెగ్జామిక్ యాసిడ్ గానీ ఎప్సిలాన్ అమైనోకాప్రోయిక్ యాసిడ్ గానీ ఆపరేషన్ రోజు మొదలుపెట్టి, ఆ తర్వాత కొన్ని రోజులు కొనసాగిస్తారు. ట్రానెగ్జామిక్ మామూలు మందుల షాపుల్లోనే దొరుకుతుంది. కానీ డోసు బరువును బట్టి మీ డాక్టర్ గారే రాయాలి, షాపులో అడిగి వేయకండి. మీరు చేయాల్సిందల్లా ఈ విషయం ఆపరేషన్‌కి ముందే ఆయనతో మాట్లాడటం. రెండో రోజు రాత్రి పరుగెత్తుకెళ్లి అడిగేది కాదు.

ఒంటి మీద కొవ్వు లేనందున బల్ల మీద వేడి తొందరగా పోతుంది. కింద వెచ్చటి ప్యాడ్, పాదాలకు సాక్సులు, ప్రతి పది నిమిషాలకు థర్మామీటర్. అలాగే కొన్ని గ్రేహౌండ్లలో భయానికి, ఒత్తిడికి ఒంటి వేడి ఉన్నట్టుండి పెరుగుతుంది. రెండు వైపులా చూడాలి.

సుధ_తిరువాన్మియూర్ · #9

ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. ఈ అంకెలన్నీ కాగితం మీద రాసుకుని డాక్టర్ గారి దగ్గరికే వెళ్తాను. ఆయన కోప్పడే మనిషి కాదు, వింటారు. ఈలోపు పిడుదుల గురించి చెప్పండి. మేం కింద అంతస్తు, బయట వీధి కుక్కలు పడుకుంటాయి. వాకింగ్ నుంచి వచ్చాక రోజూ చూస్తున్నా ఒకటో రెండో దొరుకుతున్నాయి.

పెరంబూర్_పద్మ · #10

ఒంటి మీద దొరికేవి కొసరు మాత్రమే, అసలు సంత ఇంట్లో ఉంటుంది. చెన్నైలో ఎక్కువగా కనిపించే గోధుమ రంగు పిడుదు గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక, స్కర్టింగ్ సందుల్లో, పరుపు కుట్ల మధ్య గుడ్లు పెడుతుంది. ఒక్క ఆడది వేలల్లో పెడుతుంది. రక్తం తాగి ఉబ్బినది గోడెక్కి పైకప్పు మూలకి పాకుతుంది, టార్చి వేసి అక్కడ కూడా చూడండి.

గ్రేహౌండ్ మీద వెతకడం తేలిక, బొచ్చు పొట్టి. చెవి మడతలు, వేళ్ల మధ్య, కాలర్ కింద, చంకలు, గజ్జలు, తోక మొదలు. చర్మానికి ఆనించి చిమటాతో పట్టి నిటారుగా లాగండి. కిరోసిన్ పోయడం, కాల్చడం చేయకండి. అది వాంతి చేసుకుంటే క్రిమి ఇంకా లోపలికి పోతుంది. చేత్తో నలపకండి.

పగుళ్లు వైట్ సిమెంట్‌తో పూడ్చండి. పడక గుడ్డలు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతకండి. పెస్ట్ కంట్రోల్ వాళ్లు మందు కొట్టినప్పుడు పూర్తిగా ఆరేదాకా కుక్క బయటే. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పెర్మెత్రిన్ వద్దని ముందే చెప్పండి, పిల్లులకు ప్రాణాంతకం.

హౌండ్స్_మద్రాస్ · #11

పిడుదులకి వేసే మాత్రల సంగతి: 27 కేజీలకు ఫ్లూరాలనర్ అయితే 20–40 కేజీల బిళ్ల (1000 మి.గ్రా.), సుమారు 12 వారాలు. తిండితో ఇస్తేనే ఒంటికి పడుతుంది, ఖాళీ కడుపున వద్దు. అఫాక్సోలనర్, సరోలనర్ నెలనెలా. మూర్ఛలు వచ్చే కుక్కకి ఈ రకం ఏదీ డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వకండి. ఈ మాత్రలతో పిడుదు కరిచాకే చస్తుంది, ఎర్లికియా అంటుకోవడానికి కొన్ని గంటలు చాలు. అందుకే మాత్ర వేశాం కదా అని ఇల్లు శుభ్రం చేయడం, రోజూ వెతకడం ఆపకూడదు.

గ్రేహౌండ్‌కి ఆర్గానోఫాస్ఫేట్ మందులు, ఉదాహరణకి డైక్లోర్వాస్, ఒంటికి తగలనివ్వకండి. బకెట్లో కలిపి ముంచే చవక మందులన్నిటికీ దూరంగా ఉండటం మేలు.

ఓఎంఆర్_పన్నెండో_అంతస్తు · #12

మధ్యలో దూరుతున్నా. మాది చిప్పిపారై (తమిళనాడు వేటకుక్క జాతి), గ్రేహౌండ్ కలిసినది. ఈ రక్తం లెక్కలు దానికీ పనికొస్తాయా?

పశువైద్యం_వేపేరి · #13

ఆ అంకెలు గ్రేహౌండ్ మీద వేసినవి, మిశ్రమానికి అచ్చంగా వర్తిస్తాయని అనలేం. మీరు చేయగలిగిన మంచి పని: అది పూర్తి ఆరోగ్యంగా ఉన్నప్పుడు, ఏడాదికోసారి సీబీసీ, బయోకెమిస్ట్రీ చేయించి రిపోర్టులు ఒకే ఫైల్లో పెట్టుకోవడం. జబ్బు చేసినప్పుడు పుస్తకంలో ఉన్న హద్దుతో కాకుండా దాని సొంత అంకెతో పోల్చవచ్చు. మత్తు విషయంలో మాత్రం సన్నటి వేటకుక్కలన్నిటికీ, చిప్పిపారై, కన్ని, ముధోల్ దేనికైనా, థయోపెంటోన్ వద్దనే చెబుతాను.

ఇంకో మాట. గ్రేహౌండ్లు మంచి రక్తదాతలు. పీసీవీ ఎక్కువ, చాలావాటికి డీఈఏ 1 నెగటివ్ గ్రూపు. వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో జంతువుల బ్లడ్ బ్యాంక్ ఉంది. టిక్ ఫీవర్ పరీక్షలన్నీ నెగటివ్ ఉన్నవే పనికొస్తాయి కాబట్టి సుధ గారి పాప ప్రస్తుతానికి కాదు, మీది చూపించవచ్చు.

ఓఎంఆర్_పన్నెండో_అంతస్తు · #14

చాలా సంతోషం సార్, తప్పకుండా అడుగుతాను. అపార్ట్‌మెంట్‌లో ఉంచేవాళ్లకి నావైపు నుంచి:

విట్రిఫైడ్ టైల్స్ మీద గ్రేహౌండ్ కాళ్లు చాపుకుపోతాయి. పడక నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడ నుంచి వాకిలి దాకా రబ్బరు అడుగున్న పట్టాలు వరసగా వేయండి. ఇల్లంతా అక్కర్లేదు, అది నడిచే దారి చాలు. గోళ్లు రెండు వారాలకోసారి అరగదీయండి. గోరు నేలకి తగిలితే వేలు వంకరపోతుంది, ఇంకా జారుతుంది.

పడక విషయంలో పొదుపు పనికిరాదు. మోచేతులు, తుంటి ఎముకల మీద మెత్తదనం లేదు. గట్టి నేల మీద పడుకుంటే మోచేతి దగ్గర నీటి సంచిలా వాపు వస్తుంది. రెక్సిన్ తొడుగు పరుపు చెన్నై ఉక్కపోతకి చెమ్మ పట్టి వేడెక్కుతుంది. నవారు మంచం మీద రెండు మూడు మడతల నూలు బొంత వేస్తే కిందనుంచి గాలి ఆడుతుంది, ఒంటికి ఒత్తుకోదు, బొంత ఉతుక్కోవచ్చు.

నిద్రలో కళ్లు సగం తెరిచే ఉంటాయి, మెలకువగా ఉందనుకుని పిల్లలు మీద పడతారు. ఉలిక్కిపడి కరిచే ప్రమాదం ఉంది. ముందు పేరు పెట్టి పిలవాలి, అది తలెత్తాకే దగ్గరికి వెళ్లాలి. ఇంటికొచ్చే చుట్టాల పిల్లలకి కూడా ఇది గుమ్మంలోనే చెప్పేయండి.

అన్నానగర్_అశోక్ · #15

ఎండల సంగతీ చెప్పండి ఎవరైనా. నడివేసవి కత్తిరి రోజుల్లో ఏసీ లేకుండా కష్టమేనా?

పెరంబూర్_పద్మ · #16

కష్టమే. పొట్టి బొచ్చు కదా తట్టుకుంటుందిలే అనుకుంటారు. కూర్చున్నంతసేపూ పర్వాలేదు. పరిగెత్తిందంటే ఆ కండంతా ఒక్కసారిగా వేడి పుట్టిస్తుంది. కుక్క ఒగరుస్తూ నోటి తడిని గాలిలోకి ఆవిరి చేసి చల్లబడుతుంది. చెన్నై గాలిలో తేమ అప్పటికే నిండి ఉంటుంది, ఆవిరి అవ్వదు. అదే 38 డిగ్రీల సెల్సియస్ అనంతపురం పొడి ఎండకన్నా ఇక్కడి ఎండ ప్రమాదం అందుకే.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా నడక ఉదయం ఆరులోపు, రాత్రి తొమ్మిది తర్వాత. తారు రోడ్డు మీద అరచేయి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే పాదాలు కాలుతాయి. ఇంట్లో ఏసీ 26–27 మీద పెట్టి ఫ్యాన్ తిప్పితే చాలు. కరెంటు పోతుందని ఇన్వర్టర్ మీద కనీసం ఒక ఫ్యాన్ ఉంచండి.

వడదెబ్బ గుర్తులు: ఆగని ఒగర్పు, చిగుళ్లు ఇటుక రంగు, జిగట చొల్లు, తూలడం. కుళాయి నీళ్లు ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, గజ్జలు తడుస్తూ ఉండేలా పోస్తూ ఫ్యాన్ ముందు ఉంచండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, అది లోపల వేడిని పట్టి ఉంచుతుంది. ముందు చల్లబరచడం, తర్వాతే ఆటో. ఒంటి వేడి 103.5 ఫారెన్‌హీట్‌కి దిగాక నీళ్లు ఆపండి, లేకపోతే మరీ చల్లబడిపోతుంది. మామూలుగా కనిపించినా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి.

హౌండ్స్_మద్రాస్ · #17

నడక గురించి క్లుప్తంగా. తల మెడకన్నా సన్నం కాబట్టి మామూలు కాలర్ వెనక్కి లాగితే ఊడొస్తుంది. 4–5 సెంటీమీటర్ల వెడల్పున్న మార్టింగేల్ కాలర్ (లాగితే కొంతవరకే బిగిసేది) వాడండి. పూర్తిగా బిగిసినప్పుడు రెండు వేళ్లు దూరాలి. సాగే తాడు వద్దు. ఐదు మీటర్లు వేగం అందుకుని చివర ఒక్కసారి ఆగితే మెడ ఎముకకే దెబ్బ. తాడు లేకుండా వదలడం నాలుగు వైపులా గోడ ఉన్న చోటే. ఉడుత కనిపించిందంటే గంటకు 60 కిలోమీటర్లు దాటే జంతువు, పిలుపు దాని చెవికి పట్టదు. ఎలియట్స్ బీచ్‌లో ఊరూర్ కుప్పం వైపు ఇసకలో గాలాలు, వల ముక్కలు ఉంటాయి, పాదాలు చూసుకోండి.

రోజుకి రెండుసార్లు 20–30 నిమిషాలు చాలు. మిగతా రోజంతా పడుకుంటుంది, దానికి కంగారొద్దు.

చర్మం పలచన. ముళ్ల కంచె గీసుకున్నా ఆంగ్ల అక్షరం ఎల్ ఆకారంలో చిరుగుతుంది. సెలైన్‌తో కడిగి, ఊడిన చర్మాన్ని కత్తిరించకుండా తిరిగి పరిచి, తడి గాజుగుడ్డ వేసి తీసుకెళ్లండి. ఎనిమిది గంటల్లోపు కుట్టిస్తే బాగా అతుక్కుంటుంది.

అన్నానగర్_అశోక్ · #18

మరి తిండి? చూసిన ప్రతివాళ్లూ "ఎముకల గూడులా ఉంది, అన్నం పెట్టట్లేదా" అంటారు.

పెరంబూర్_పద్మ · #19

వాళ్ల మాట వినకండి. చివరి రెండు మూడు పక్కటెముకలు, తుంటి ఎముకల కొసలు లీలగా కనిపించాలి. వెన్నుపూసలన్నీ లెక్కపెట్టగలిగితే తక్కువ, పక్కటెముక ఒక్కటీ కనిపించకపోతే ఎక్కువ.

27 కేజీల స్పే అయిన ఆడదానికి రోజుకి సుమారు 1,300 కేలరీలు. 100 గ్రాములకు 370 కేలరీలున్న పొడి ఆహారమైతే 350 గ్రాములు, రెండు పూటలు. ఇంట్లో వండితే చికెన్, అన్నం, గుమ్మడికాయ, గుడ్డు బాగానే ఉంటుంది కానీ కాల్షియం చాలా తక్కువ. మెత్తగా నూరిన గుడ్డు పెంకుల పొడి రోజుకి ముప్పావు టీస్పూను కలపాలి. సాంబారన్నం వద్దు, ఉల్లిపాయ ఎర్రకణాలను పగలగొడుతుంది. తిన్నాక రెండు గంటలు పరుగులు వద్దు, కడుపు మెలిపడుతుంది. గిన్నె ఎత్తు మీద పెట్టండి, మెడ పొడుగు కదా.

పశువైద్యం_వేపేరి · #20

పద్మ గారూ, మిగతావన్నీ సరే, ఎత్తు గిన్నె దగ్గర నాది వేరే మాట. లోతు ఛాతీ ఉన్న పెద్ద జాతుల్లో ఎత్తులో పెట్టి తినిపించినవాటికి కడుపు మెలిపడటం ఎక్కువని ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. మెడ నొప్పి ఉన్న ముసలి కుక్కకి తప్ప నేలమీదే పెట్టమంటాను. పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా ఉత్తినే ఓకరిస్తుంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి బయల్దేరాలి.

పళ్లు ఈ జాతికి పెద్ద బలహీనత. రోజూ బ్రష్, కుక్కల పేస్టుతోనే. అయిదేళ్లు దాటాక కుంటితే, బెణుకు అని వారాలు లాగకండి. నొప్పి మందుతో తగ్గి మళ్లీ వస్తే ఎక్స్‌రే. ఎముక క్యాన్సర్ గ్రేహౌండ్‌లో ఎక్కువ. ఎక్స్‌రేలో ఏమీ లేకపోతే అరికాలి మెత్తల్లో ఆనెకాయ ఉందేమో తడిచేసి చూడండి, గరుకు నేల మీద కుంటి గడ్డి మీద మామూలుగా నడిస్తే చాలాసార్లు అదే.

సుధ_తిరువాన్మియూర్ · #21

రిపోర్టులు వచ్చాయి. స్మియర్‌లో గుంపులు లేవు, ఫీల్డుకి 8–9 ప్లేట్‌లెట్లు. గ్లోబులిన్ 2.3. పీసీఆర్‌లో ఎర్లికియా, బబీసియా రెండూ నెగటివ్. టీఎస్‌హెచ్ నార్మల్. డాక్టర్ గారు రెండు మందులూ ఆపమన్నారు, నాలుగు వారాలకు సీబీసీ మళ్లీ చేసి అంకె నిలకడగా ఉంటే ఆపరేషన్. థయోపెంటోన్ వాడరట, ట్రానెగ్జామిక్ ఆయనే రాస్తానన్నారు. ఇంటికి తెచ్చాక ఏమేం చూసుకోవాలి? కుట్లు నాకకుండా మెడకి వేసే ప్లాస్టిక్ గొట్టం నిలుస్తుందా?

పశువైద్యం_వేపేరి · #22

గ్లోబులిన్ 2.3 చూసి మనసు కుదుటపడింది. ఆపరేషన్ రోజు ఈ రిపోర్టు కాపీ అక్కడి ఫైల్లో పెట్టించండి, డ్యూటీలో వేరే డాక్టర్ ఉన్నా చూస్తారు.

హౌండ్స్_మద్రాస్ · #23

గాలి నింపే గుండ్రటి కాలర్ కొనకండి, గ్రేహౌండ్ మెడ దాని మీదుగా వంగి పొట్టని అందుకుంటుంది. ప్లాస్టిక్ గొట్టమైతే ముక్కు దాటి నాలుగు వేళ్లు పొడుగుండాలి, సన్న తల కాబట్టి మార్టింగేల్‌కి నాడాతో కట్టండి. నూలు బాడీ సూట్ అన్నిటికన్నా సుఖం.

మొదటి మూడు రోజులు రోజుకి నాలుగుసార్లు సూట్ విప్పి మంచి వెలుతురులో చూడండి. కమిలిన అంచు చుట్టూ బాల్‌పెన్‌తో గీత గీసి పక్కన టైం రాయండి. తర్వాత చూసినప్పుడు రంగు గీత దాటిందా అన్నది అనుమానం లేకుండా తెలుస్తుంది. రెండో రోజు రాత్రి మాత్రం అలారం పెట్టుకుని ఒకసారి లేవండి. గీత దాటినా, చిగుళ్లు తెల్లబడినా, కుట్టు నుంచి చుక్కలు ఆగకపోయినా అప్పుడే ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగకండి.